అద్దానికి అవతలి గీతలు

టైలరమ్మ ఇంట్లో ముందుగది ఇటు ఇల్లూ కాదు, అటు షాపూ కాదు. కిటికీ కింద కుట్టుమిషను, దాని పక్కన గుడ్డలు కత్తిరించే బల్ల, బల్ల కింద కుట్టించుకుని పట్టుకెళ్ళడం మర్చిపోయినవాళ్ళ మూటలు, ఓ మూల కర్టెను. కర్టెను వెనక గోడకి నిలువెత్తు అద్దం. బట్టలు తొడుక్కుని చూసుకునేవాళ్ళు ఆ కర్టెను లాక్కుని లోపలికి వెళ్తారు, మురిసిపోతూనో మూతి ముడుచుకునో బయటికొస్తారు. టైలరమ్మకి ఆ అద్దమంటే ప్రాణం. మిషనుకి నూనె వెయ్యడం మర్చిపోయిన రోజులున్నాయేమో గానీ, అద్దం తుడవని రోజు లేదు. ప్లైవుడ్ చెక్కకి అంటించి, నాలుగు మూలలా స్క్రూలు బిగించి పెట్టించుకున్న అద్దం అది. వెనక్కి సూది కూడా దూరదు.

అలాంటి అద్దం మీద ఒకరోజు పొద్దున్నే గీతలు కనబడ్డాయి.

ఛాతీ ఎత్తున, అరచెయ్యంత మేర, పక్కపక్కనే చిన్న చిన్న గీతలు. పిల్లి గోకినట్టున్నాయి. ఆ ఇంట్లో పిల్లి లేదు. ఉన్నదల్లా టైలరమ్మ, సిటీ బస్సు నడిపే ఆమె మొగుడు, ఈమధ్యే కాపురం వదులుకుని పెట్టె పట్టుకొచ్చేసిన మొగుడి చెల్లెలు. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా కూర్చునేది కాదని ఆ చెల్లెలికి వాళ్ళన్న పిచ్చిక అని పేరు పెట్టాడు. ముప్ఫై దాటినా ఆ పేరే నిలిచింది. అమ్మా నాన్నా లేరు, కట్టుకున్నవాడు వద్దన్నాడు, మిగిలింది అన్న ఇల్లొక్కటే. "ఇది నీ ఇల్లే అనుకో" అన్నాడు అన్న. వదిన కూడా అదే మాట అంది. కాకపోతే అనేముందు గొంతు సవరించుకుంది.

టైలరమ్మ చెడ్డమనిషని కాదు. ఎవరైనా ఆకలితో వస్తే తన కంచంలోది తీసి పెట్టే రకం. అనుమానం ఒక్కటే ఆమెకి పుట్టుకతో వచ్చింది. దారపు రీలు కొంటే, చెప్పినంత దారం చుట్టలేదేమోనని అనుమానం. మొగుడు నవ్వితే ఎందుకు నవ్వాడని, నవ్వకపోతే ఏం దాస్తున్నాడని. ఇక ఆడపడుచు ఇంట్లో కాలుపెట్టాక ఆ అనుమానానికి చేతినిండా పని దొరికింది.

గీతలు చూసిన క్షణంలోనే టైలరమ్మ చూపు పిచ్చిక చేతికున్న గాజుల మీదికి, అక్కణ్ణించి ఉంగరం మీదికి వెళ్ళింది. పైకి మాత్రం ఏమీ అనలేదు. అడిగితే కాదంటుంది. కాదన్నాక ఇంక పట్టుకోవడం కష్టం. ముందు గీతలు పోగొట్టాలి, తర్వాత దొంగని పట్టాలి. అలా అనుకుని అద్దాల షాపుకి వెళ్ళింది.

షాపులో ముసలాయన అద్దాలు కోస్తూ, తల ఎత్తకుండానే విన్నాడు. "గోరుతో గీతకి అడ్డంగా లాగి చూడమ్మా. గోరు తట్టుకుందా, లోతు గీత, వదిలెయ్. తట్టుకోలేదా, ఈ పొడి నీళ్ళతో తడిపి మెత్తటి గుడ్డతో రుద్దు. తడి ఆరనివ్వకు, వేడెక్కితే పగులుతుంది. అదేపనిగా ఒకేచోట రుద్దకు. గీత పోయిందంటే మాయమైందని కాదు. దాని చుట్టూ ఉన్న అద్దాన్ని నువ్వు అరగదీశావని."

"ఎంత అరిగిందో ఎలా తెలుస్తుందండీ?"

"సూది ఉంటుందిగా నీ దగ్గర. మొన అద్దానికి ఆనించు. ఈ మొనకీ లోపల కనబడే మొనకీ మధ్య కాస్త సందుంటుంది. అద్దం ఎంత మందముంటే అంత సందు. అది తగ్గుతుంటే ఆపెయ్."

పొడి గులాబీ రంగులో ఉంది. పొద్దున మొగుడు డ్యూటీకి, పిచ్చిక కూరలకి వెళ్ళాక టైలరమ్మ దాన్ని గిన్నెలో కలుపుకుని, పాత ఉన్నిగుడ్డ ముంచి, గుండ్రంగా రుద్దింది. చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్దింది. తడిగుడ్డతో తుడిచి గోరు ఆనించింది. గోరు జారిపోయింది. అద్దం నున్నగా ఉంది.

గీతలు మాత్రం అక్కడే ఉన్నాయి.

మళ్ళీ గోరు లాగి చూసింది. నున్నగానే ఉంది. తల పక్కకి వంచి ఏటవాలుగా చూసింది. అప్పుడొక సంగతి తట్టింది. బట్ట మీద గుర్తులు పెట్టే సుద్ద పొరపాటున అద్దానికి అంటినప్పుడల్లా ఆ మరక రెండుగా కనిపించేది. పైనొకటి, లోపల దాని జోడీ ఒకటి. పైది తుడిస్తే లోపలిదీ పోయేది. ఇప్పుడు పైన గీత లేదు. లోపల జోడీ మాత్రం ఉంది.

రాత్రి అన్నం దగ్గర మొగుడికి చెప్పింది, పిచ్చిక వినకుండా.

"అంటే ఏంటే? మా చెల్లెలు అద్దంలోకి దూరి, లోపల్నించి గీసొచ్చిందంటావా?"

"నేనామాట అన్నానా? ఎలా చేసిందో నాకేం తెలుసు? నేనిటు దుకాణానికి వెళ్ళగానే స్క్రూలు విప్పిందేమో."

"స్క్రూలు విప్పి, అంత అద్దం ఒక్కతే కిందికి దించి, వెనకాల గోకి, మళ్ళీ బిగించింది. ఎందుకంటా?"

"నా కడుపుమంట చూడ్డానికి."

మొగుడు కంచంలో చెయ్యి పెట్టుకునే నవ్వాడు. ఎందుకు నవ్వాడో టైలరమ్మకి అర్థం కాలేదు. అది కూడా ఆమె మనసులో ఓ మూల రాసిపెట్టుకుంది.

మర్నాడు కొత్త గీతలొచ్చాయి. ఈసారి పైనే. గోరు తగిలీ తగలనట్టుంది. రుద్దింది, పోయాయి. లోపలివి ఉండిపోయాయి. ఆ మర్నాడు మళ్ళీ. అలా రోజూ పొద్దున్నే అద్దానికి వైద్యం చెయ్యడం ఆమెకో పనైపోయింది. కుట్టాల్సిన బట్టలు మూటల్లోనే ఉండిపోతున్నాయి. చేతి వేళ్ళకి గులాబీ రంగు పట్టేసింది. పిచ్చిక ఆ వేళ్ళు చూసి కూడా ఏమీ అడగలేదు. అడగకపోవడమే టైలరమ్మకి ఇంకా పెద్ద సాక్ష్యంలా తోచింది. తెలియనిదైతే అడగదూ?

ఆపైన టూత్‌పేస్టు సంగతి. ముగ్గురు మనుషుల ఇంట్లో ట్యూబు అంత తొందరగా ఎలా అయిపోతుంది? ఎవరైనా రొట్టెకి రాసుకుని తింటున్నారా? ఆమె ట్యూబు మీద గోటితో గుర్తు పెట్టింది. మధ్యాహ్నం కుట్టిన బట్టలు ఇచ్చేసి తిరిగొచ్చేసరికి పేస్టు ఆ గుర్తు కిందికి దిగిపోయింది. ముందుగదిలో పుదీనా వాసన. కర్టెను వెనక ఆ వాసన మరీ ఘాటుగా ఉంది. పిచ్చిక వంటింట్లో చేతులు కడుక్కుంటోంది. గోళ్ళ సందుల్లో తెల్లగా ఏదో ఉంది.

"ఇప్పుడు పళ్ళు తోముకున్నావా?" అంది టైలరమ్మ.

"ఆఁ... నోరు అదోలా ఉంటే" అంది పిచ్చిక. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. చెవులు కూడా ఎర్రబడ్డాయి.

అదే వారం లెక్కల టీచరు గౌను చూసుకోవడానికి వచ్చింది. కర్టెను లాక్కుని లోపలికెళ్ళి, చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక గౌను బాగుందో లేదో చెప్పలేదు.

"మీ అద్దం ఇక్కడ కాస్త గుంట పడినట్టుందమ్మా" అంది ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపిస్తూ. "నేను వంకరగా కనిపిస్తున్నా."

"చిన్న గీత పడితే రుద్దాం మేడం."

"ఊఁ." టీచరు సంచి భుజానికి వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "ఆ గోడ అవతల గది ఎవరిది?"

"అవతల గదేం లేదు మేడం. వీధే."

గౌను తర్వాత పట్టుకెళ్తానని చెప్పి టీచరు వెళ్ళింది. ఇంకెవరైనా అయితే ఆ మాటకి ఒళ్ళు జలదరించేది. టైలరమ్మకి మాత్రం వెంటనే తట్టింది ఒకటే. వీధిలో నిలబడి గోడ కొడుతూ గిరాకీని భయపెడుతోంది పిచ్చిక!

ఆ రాత్రి ఆలుమగలిద్దరికీ గట్టిగానే గొడవైంది. చప్పుడు పక్కగదిలోకి వెళ్ళకూడదని గుసగుసలాడుతూ పోట్లాడుకున్నారు. చివరికి మొగుడు విసిగిపోయాడు.

"సరే. కళ్ళారా చూడు. అద్దం గోకుతుండగా చూసి నాతో చెప్పు. నిజమైతే నేనే దాన్ని బస్సెక్కిస్తా, ఎక్కడికని కూడా అడగను. ఎక్కడికెళ్తుందో ఆ దేవుడికే తెలియాలి. కాకపోతే మాత్రం ఈ జన్మలో ఇంక దాని ఊసెత్తకూడదు నువ్వు."

"సరే" అంది టైలరమ్మ. ఆ 'సరే' అన్నాక నిద్ర పట్టలేదు. గోడకేసి తిరిగి పడుకుని వింటూ ఉండిపోయింది. పక్కగదిలో పిచ్చిక కూడా అటూ ఇటూ దొర్లుతోంది. అంతా విన్నదేమో. వింటే విననీ, అనుకుంది. కానీ ఆ ఆలోచన ఎక్కడో గుచ్చుకుంది. రోడ్డు మీద పెట్టెతో నిలబడ్డ ఆడమనిషి కళ్ళముందు కదిలింది. దుప్పటి తల మీదికి లాక్కుంది.

మర్నాడు సాయంత్రం వాన మొదలైంది. దీపాలు పెట్టే వేళకే బాగా చీకటి పడింది. టైలరమ్మ బట్టల సంచి చేత్తో పట్టుకుని, "నర్సులుండే క్వార్టర్సుకి వెళ్ళొస్తా, ఆలస్యమవుతుంది" అని గట్టిగా చెప్పి గొడుగు తెరిచింది. మొగుడు డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. వీధి మలుపు దాకా వెళ్ళి, మూసి ఉన్న మందులషాపు రేకు కింద కాసేపు నిలబడింది. చెప్పులు చేతిలోకి తీసుకుని, పెరటివైపు నుంచి వెనక్కి వచ్చింది. ఆమె తలుపు తీస్తుండగానే వీధంతా కరెంటు పోయింది.

వంటిల్లు చీకటిగా ఉంది. తడి గోడల వాసన. చూరు నుంచి నీళ్ళు పడుతున్న చప్పుడు. ఆ చప్పుడు వెనకాల ఇంకో చప్పుడు.

స్... స్... స్...

మెత్తటి గుడ్డ నున్నటిదాని మీద తిరుగుతున్న చప్పుడు. టైలరమ్మకి ఆ చప్పుడు తన చేతులంత బాగా తెలుసు. గోడ పట్టుకుని ముందుగది దాకా నడిచింది. పుదీనా వాసన గుప్పుమంది. కర్టెను సగం తెరిచి ఉంది. పిచ్చిక నేల మీద చిన్న టార్చిలైటు నిలబెట్టుకుని, అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి, గుడ్డతో గబగబా రుద్దుతోంది.

"దొరికావు" అంది టైలరమ్మ.

పిచ్చిక ఉలిక్కిపడి గుడ్డ వదిలేసింది. టార్చిలైటుకి కాలు తగిలి అది పడిపోయింది. దీపం మిణుకుమంది గానీ ఆరిపోలేదు.

"వదినా... నేను గీయట్లేదు వదినా. చెరుపుతున్నా."

"ఏంటీ?"

"టూత్‌పేస్టుతో రుద్దితే పోతాయన్నారు. నేనొచ్చిన కొత్తలోనే కనిపించాయి ఇవి. నామీదకి వస్తుందని భయమేసింది. నువ్వు మధ్యాహ్నం వెళ్ళగానే రోజూ రుద్దుతున్నా. రుద్దినవి పోతాయి. పొద్దునకి మళ్ళీ ఉంటాయి." పిచ్చిక కళ్ళు తుడుచుకుని, తెగించినట్టు అంది. "నువ్వే గీస్తున్నావనుకున్నా వదినా. నన్ను పంపెయ్యడానికి."

పక్కవాళ్ళని అనుమానించడం టైలరమ్మకి అలవాటే. తననొకరు అనుమానించడం మాత్రం కొత్త. అంతకన్నా, ఆ పిల్ల ఇన్నాళ్ళూ ఇదే ఇంట్లో ఇంత భయంతో తింటూ, పడుకుంటూ, కూరలు తెస్తూ ఉందా అన్న సిగ్గు ఆమెని నిలువునా ముంచేసింది.

"నేను గీయలేదే" అంది చివరికి. "నేనూ రోజూ పొద్దున్న రుద్దుతున్నా."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొద్దున ఈవిడ రుద్దింది. మధ్యాహ్నం ఆవిడ రుద్దింది. ఒకరికొకరు చెప్పుకోకుండా, ఒకేచోట. అదేపనిగా.

ఇద్దరి చేతులూ ఖాళీగా ఉన్నాయి. గుడ్డ కింద పడి ఉంది.

స్... స్... స్...

రుద్దుడు ఆగలేదు.

"వదినా" అంది పిచ్చిక గొంతులోనే. "ఆ చప్పుడు..."

"ష్."

టైలరమ్మ టార్చిలైటు తీసి అద్దం మీదికి తిప్పింది. గుంటపడిన చోట అరచెయ్యంత మేర ఆవిరి పట్టి ఉంది, చలికాలం కిటికీకి నోరు ఆనిస్తే పట్టినట్టు. కొంగుతో తుడిచింది. పోలేదు. లోపలివైపు ఉంది. ఆమె చూస్తుండగానే దానంతటదే పోయింది. మళ్ళీ పట్టింది. పోయింది. మళ్ళీ పట్టింది. నిదానంగా... ఎవరో ఊపిరి పీలుస్తూ వదులుతున్నట్టు.

రవిక అంచుకి ఎప్పుడూ గుచ్చుకునే సూది టైలరమ్మ వేళ్ళకి తగిలింది. ఎందుకు తీసిందో ఆమెకే తెలీదు. మొన ఆ గుంటలో ఆనించింది. లోపలి నుంచి ఇంకో మొన వచ్చి ఆనింది.

సందు లేదు.

వెంట్రుకవాసి కూడా... లేదు.

సూది ఆమె వేళ్ళ మధ్య నుంచి కదిలింది. మెల్లగా. దారం లాగినట్టు. లోపలికి.

టైలరమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. టార్చి జారిపోయి, దొర్లి, ఎక్కడో కొట్టుకుని ఆరిపోయింది. గదిలో ఏమీ కనబడలేదు. రుద్దే చప్పుడు ఆగిపోయింది. ఆగిపోవడం ఇంకా భయంగా ఉంది.

"పిచ్చికా, కదలకు. నేను టార్చి వెతుకుతా."

"వదినా, నా చెయ్యి పట్టుకో."

"ఉండవే... ఒక్క క్షణం." ఆమె నేల మీద కూర్చుని తడిమింది. గుడ్డ. టూత్‌పేస్టు మూత. మిషను కాలు. చూరు నీళ్ళు పడుతున్నాయి. టార్చి దొరకలేదు.

"వది—"

అంతే వినబడింది. అరుపు కూడా కాదు. పిలవబోయి ఆగిపోయినట్టు.

"పిచ్చికా?"

టైలరమ్మ చీకట్లోకి చెయ్యి చాపింది.

"పిచ్చికా! పలకవేం? నాకు భయంగా ఉందే..."

కాసేపటికి చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి ఆమె చేతిని అందుకుంది. చల్లగా, తడిగా, జారిపోతున్నట్టు ఉంది. పేస్టు తడి అనుకుంది టైలరమ్మ. రెండు చేతులతో దాన్ని పట్టుకుని గుండెకి అదుముకుంది. ఇన్నాళ్ళూ అణుచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

"నన్ను క్షమించవే. నిన్ను ఎక్కడికీ పంపను. ఇంక జన్మలో నిన్ను అనుమానించను. చూడు, చేతిలో చెయ్యేసి ఒట్టు పెడుతున్నా."

ఆమె ఒట్టు పెట్టింది. ఆ చెయ్యి ఆమె చెయ్యిని గట్టిగా నొక్కింది.

కరెంటు వచ్చింది. పిచ్చిక ఎదురుగా నిలబడి నవ్వుతోంది. జుట్టు కూడా చెదరలేదు.

"పోయాయి వదినా గీతలు" అంది. "చూసుకో."

టైలరమ్మ చూసింది. అద్దం కడిగినట్టు ఉంది. పైన గీత లేదు, లోపల జోడీ లేదు. గుంట లేదు. ఆవిరి లేదు. బల్ల మీది ఇంకో సూది తీసి ఆనిస్తే, మొనకీ మొనకీ మధ్య మంచి సందుంది, కొత్త అద్దానికున్నంత. సంతోషించాలో భయపడాలో ఆమెకి తెలియలేదు. పిచ్చిక భుజం మీద చెయ్యి వేసి, ఆమెని దాదాపు తోసుకుంటూ వంటింట్లోకి తీసుకెళ్ళింది. ఆ రాత్రి ముందుగదికి తాళం వేశారు.

ఆ అద్దం ఇంక ఇంట్లో ఉండకూడదని టైలరమ్మ పట్టుబట్టింది. "అవును వదినా, తీయించెయ్" అంది పిచ్చిక వెంటనే. అద్దాల షాపు ముసలాయన వచ్చి స్క్రూలు విప్పాడు. వెనక చెక్క మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. ఆయన అద్దాన్ని అంచు పట్టుకుని వెలుతురుకి తిప్పి చూసి, "దీన్ని రోజూ రుద్దామన్నారే? చెయ్యే పడలేదు దీని మీద" అని గొణుక్కుంటూ రిక్షా బండి మీద పెట్టుకుని వెళ్ళాడు. తర్వాత రోడ్డు మీద కనిపిస్తే టైలరమ్మే అడిగింది, ఏం చేశారని.

"అంత పెద్దది ఎవరు కొంటారమ్మా? చిన్న చిన్న ముక్కలుగా కోసేశా. మంచి అద్దమే, కానీ కోస్తుంటే ఎవరో పిలవబోయినట్టు చప్పుడు చేసింది. చెవుల్లో దూది పెట్టుకుని కోశాను."

టైలరమ్మ ఊపిరి పీల్చుకుంది. పీడ విరగడైందనుకుంది.

ఇల్లు మారిపోయింది. వదినా ఆడపడుచూ ఒకే మంచం మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తుంటే మొగుడు కళ్ళు నులుముకుని చూశాడు. "ఏం మందు పెట్టావే మీ వదినకి?" అని చెల్లెల్ని ఆటపట్టించాడు. పిచ్చిక నవ్వింది. ఈమధ్య బాగా నవ్వుతోంది. పిలిస్తే పలుకుతుంది, చెప్పిన పని చేస్తుంది, ఒకచోట కూర్చోమంటే సాయంత్రం దాకా కూర్చుంటుంది. టైలరమ్మ ఒకసారి నోరు జారింది.

"ఏమండీ, మీ చెల్లెలు ఈమధ్య..."

"మళ్ళీ మొదలెట్టావా?" మొగుడి ముఖం మాడిపోయింది. "చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టావటగా. అది చెప్పింది నాకు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టావా అప్పుడే?"

ఆమె నోరు మూసుకుంది. తప్పు తనదే, పాపం ఆ పిల్లని ఎన్ని మాటలన్నానో అనుకుంది. ఆ అపరాధం తీర్చుకోవడానికి పిచ్చికకి ఒక పొడుగు గౌను కుడదామని, దాచుకున్న నీలిరంగు పట్టుగుడ్డ బయటికి తీసింది.

ఆ సాయంత్రం మొగుడు లోపలి గదిలో పేపరు చదువుతున్నాడు. పిచ్చిక బల్ల పక్కన నిలబడి గౌను చూస్తోంది. కుట్టడం అయిపోయింది, వెనక హుక్కులు పెట్టడమొక్కటే మిగిలింది. టైలరమ్మ హుక్కుల పొట్లం చింపింది.

"ఇలా చెయ్యి పట్టు, కిందపడితే దొరకవు" అంది.

పిచ్చిక అరచెయ్యి చాపింది. దీపం వెలుగు సూటిగా దాని మీద పడింది. ఆ వాన రాత్రి తర్వాత టైలరమ్మ ఆ చేతిని వెలుతురులో అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. ఒక్క ముడత లేదు. ఒక్క రేఖ లేదు. వేళ్ళ మడతల దగ్గర కూడా ఏమీ లేదు. ఈ చివర నుంచి ఆ చివరికి నున్నగా ఉంది.

లోపలి గదిలో పేపరు పేజీ తిరిగింది. పిలిస్తే వస్తాడు. వచ్చి ఏమంటాడో ఆమెకి తెలుసు.

"ఏంటి వదినా అలా చూస్తున్నావు?" పిచ్చిక గొంతు చాలా మెత్తగా ఉంది. "నామీద ఇంకా అనుమానమేనా?"

"లేదమ్మా" అంది టైలరమ్మ. "లేదు."

పొట్లం వంచింది. హుక్కులు ఒకదాని తర్వాత ఒకటి ఆ అరచేతిలో పడ్డాయి. పడ్డప్పుడల్లా టింగుమని చప్పుడైంది.